మారియోని సాగదీయొద్దు

పోయిన నెల ఒకరోజు లంచ్ బెల్లు కొట్టాక ఏడో తరగతి అబ్బాయి ఒకడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో బట్టల షాపు కవరు. లోపలేముందో చెప్పడానికి కాసేపు మొహమాటపడ్డాడు.

"మ్యామ్, చిన్నప్పుడు వీడియో గేమ్ ఆడేదాన్నని మీరు క్లాసులో చెప్పారు కదా. మా నాన్నది ఇంట్లో ఉంది. పని చేయట్లేదు. నాన్న భంగార్‌వాలాకి ఇచ్చేద్దాం అంటున్నారు."

కవరు విప్పాను. ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పాత పుస్తకం రంగుకు తిరిగిన ప్లాస్టిక్ పెట్టె, దారంతో చుట్టిన వైర్లు, రెండు రిమోట్లు, ఒక పసుపు కేసెట్. కేసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉంది. మీకు తెలియదు కానీ అదొక పెద్ద అబద్ధం. లోపల ఉండేవి పదో ఇరవయ్యో ఆటలు. మిగతావన్నీ అవే, పేర్లు మార్చుకుని మళ్ళీ వస్తాయి. అయినా ఆ కేసెట్ ఉన్న ఇంటికి వేసవి సెలవుల్లో వీధి పిల్లలందరం వెళ్ళేవాళ్ళం.

ఇది ఆ కుటుంబానికి ఐదో ఊరట. అంటే ఈ పెట్టె కనీసం నాలుగుసార్లు లారీ ఎక్కి దిగింది. ఇన్నాళ్ళూ అట్టపెట్టెలో పడి ఉండి, దీపావళి సర్దుళ్ళలో బయటపడింది. కొడుక్కి చూపిద్దామని నాన్నగారు ఉత్సాహంగా గోడకున్న 43 అంగుళాల కొత్త టీవీకి తగిలించారు. మొదట "నో సిగ్నల్" అని వచ్చింది. ఇంకో కన్నంలో పెడితే నలుపు తెలుపులో వణుకుతున్న బొమ్మ వచ్చింది. "పోయిందిరా, పాతది కదా" అనేశారు. ఆ సాయంత్రంతో కథ అయిపోవలసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ఆటపెట్టె కొత్త టీవీలో పలకకపోతే, పెట్టె పాడైందని వెంటనే తీర్పు ఇవ్వకండి. చాలాసార్లు పెట్టె బాగానే ఉంటుంది, దాని మాట టీవీకి అర్థం కాదు. రెండో మాట: కష్టపడి బొమ్మ తెప్పించాక, తెర నిండాలని దాన్ని అడ్డంగా సాగదీయకండి. మొదటి మాటకు ఎవరూ అడ్డు చెప్పరు. రెండో మాట మీదే ఆ ఇంట్లో గొడవ వచ్చింది. నన్ను అడిగితే నేను అబ్బాయి పక్షం.

నేనుండేది పాండేసర వైపు. అద్దకం మిల్లుల పొగగొట్టాలు, చీరల మూటలు మోసే టెంపోలు, ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ, మధ్యలో మన తెలుగు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. మా వీధి మలుపులో టీవీలు బాగుచేసే అన్న ఒకాయన ఉన్నాడు. కుర్రతనంలో సిరిసిల్ల నుంచి వచ్చి ముందు సాంచాల మీద పనిచేశాడు, తర్వాత ఈ పని నేర్చుకున్నాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలోనూ సాంచా అంటారు, సూరత్‌లోనూ సాంచా అంటారు. ఆయన ఊరు మారినా ఆ మాట మార్చుకోవలసిన పని పడలేదు.

ఆ సాయంత్రం పెట్టెను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఏమీ మాట్లాడకుండా దుకాణం వెనక అరలో ఉన్న పాత డబ్బా టీవీని ముందుకు లాగి, పసుపు పిన్ను, తెల్ల పిన్ను తగిలించి స్విచ్ వేశాడు. నీలాకాశం, ఇటుకలు, మీసాల మారియో. రంగులు మెరిసిపోతున్నాయి. ఆ పాట కూడా మొదలైంది.

"గిది మంచిగనే ఉన్నది మేడమ్. కొత్త టీవీకే దీని బాస సమజైతలేదు," అన్నాడు.

సమజ్ కాకపోవడానికి కారణం ఏమిటని అడిగితే ఆయన మగ్గం భాషలోనే చెప్పాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను కాబట్టి అదే మీకూ చెబుతాను.

పాత టీవీలో బొమ్మ ఒక్కసారిగా పడదు. గాజు గొట్టం వెనక నుంచి ఒక ఎలక్ట్రాన్ పుంజం వచ్చి తెర మీద ఎడమ నుంచి కుడికి గీత గీస్తుంది. తర్వాత దాని కింద ఇంకో గీత. అలా పైనుంచి కిందికి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో మొత్తం 625 గీతలు. వీటన్నిటినీ ఒక్క విడతలో గీయడం కష్టమని రెండు విడతలు చేశారు. ముందు బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు. మగ్గం మీద పడుగు పోగుల్లో ఒకటి లేస్తే పక్కది దిగుతుంది, మళ్ళీ ఇది దిగితే అది లేస్తుంది. అలా ఒకటి విడిచి ఒకటి. రెండు విడతలూ కలిస్తేనే గుడ్డ. మన కన్ను ఆ రెండు విడతలనూ కలిపి ఒకే బొమ్మగా చూస్తుంది.

ఆటపెట్టె ఏం చేస్తుందంటే, ఆ రెండో విడత ఎగ్గొడుతుంది. 1983 జూలైలో జపాన్‌లో నింటెండో వాళ్ళు ఫ్యామికామ్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. మసయుకి ఉఎమురా అనే ఇంజనీరు దాని రూపకర్త. మన దేశంలో రంగుల టీవీ ప్రసారాలు మొదలైంది కూడా దానికి ముందు ఏడాదే, 1982లో, ఢిల్లీ ఏషియాడ్ సంవత్సరంలో. ఆ రోజుల్లో మెమరీ చిప్పులు ఖరీదు. ఎంత తక్కువ గీస్తే అంత చౌక. అందుకని ఆ యంత్రం 240 గీతల బొమ్మే గీస్తుంది. ప్రతి విడతా అవే గీతలను అవే చోట్ల గీస్తుంది. మధ్య వరసలు ఖాళీగా వదిలేస్తుంది. మా తరం పిల్లలు ఆడిన పెట్టెల్లో చాలామటుకు ఆ ఫ్యామికామ్‌కి నకళ్ళే, కాబట్టి వాటిదీ అదే తీరు.

డబ్బా టీవీకి ఈ తేడాతో పనిలేదు. వచ్చింది వచ్చినట్టు గీసేస్తుంది. మధ్యలో ఖాళీ వరసలు సన్నటి నల్లచారల్లా ఉంటాయి, అంతే. కొత్త టీవీ అలా కాదు. అది తెలివైనది, ఆ తెలివే ఇక్కడ సమస్య. వచ్చిన ప్రతి బొమ్మనూ మెమరీలో దాచుకుని, "ఇవి బేసి గీతలు, ఇవి సరి గీతలు అయి ఉంటాయి" అనుకుని రెండు విడతలనూ కలిపి కుట్టడానికి చూస్తుంది. కానీ అవి ఒకే బొమ్మ రెండు సగాలు కావు. వేరు వేరు క్షణాల్లోని రెండు పూర్తి బొమ్మలు. ఒక క్షణంలో మారియో ఇక్కడ ఉంటాడు, మరుక్షణం నాలుగు చుక్కలు ముందుంటాడు. ఆ రెంటినీ కలిపి కుడితే అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతాయి. ఇంకో తమాషా ఉంది. మారియోకి దెబ్బ తగిలాక కాసేపు మిణుకుమిణుకుమంటాడు కదా, అది ఒక విడతలో గీసి ఇంకో విడతలో మాయం చేయడం వల్ల వచ్చే మెరుపు. కొత్త టీవీ చేతిలో పడితే ఆ మెరుపు పోయి, మనిషి సగం చారలుగా మిగులుతాడు. కొన్ని టీవీలైతే ఇవేవీ ప్రయత్నించకుండా చేతులెత్తేస్తాయి. నాన్నగారు చూసిన వణుకుకు కారణం చాలావరకు ఇదే.

ఇక నలుపు తెలుపు సంగతి. దానికి ఇంకా చిన్న కారణం ఉంది, అది తెలిసినప్పుడు కాస్త నవ్వొచ్చింది. వాళ్ళ టీవీ వెనక వరసగా కన్నాలున్నాయి. అందులో ఒకదాని చుట్టూ సగం ఆకుపచ్చ, సగం పసుపు రంగు. అంటే ఒకే కన్నం రెండు రకాల వైర్లకు పనికొస్తుందని అర్థం. పసుపు పిన్ను పెట్టినప్పుడు రిమోట్‌తో సోర్సుల్లోకి వెళ్ళి "ఏవీ" అని ఎంచుకోవాలి. "కాంపొనెంట్" అని ఉంటే టీవీ ఆ కన్నంలో వెలుగు నీడల సమాచారం మాత్రమే వస్తుందనుకుంటుంది, రంగుల కోసం పక్క కన్నాల్లో వెతుకుతుంది. అక్కడేమీ ఉండదు, కాబట్టి నలుపు తెలుపు. అది సరిచేసినా రంగు రాకపోతే మెనూలో కలర్ సిస్టమ్ చూడండి. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండు పద్ధతులు. పెట్టె ఒక పద్ధతిలో పంపిస్తూ టీవీ ఇంకోదానికి బిగించి ఉంటే రంగు ఎగిరిపోతుంది. "ఆటో" మీద పెడితే సరిపోతుంది.

కొన్ని కొత్త టీవీలకు ఈ రంగు కన్నాలే ఉండవు. బదులుగా ఇయర్‌ఫోన్ పెట్టుకునేలాంటి చిన్న కన్నం ఒకటుంటుంది. దానికి టీవీతో పాటు ఒక బెత్తెడు వైరు ఇస్తారు. మనం దాన్ని కొన్నరోజే ఎక్కడో పడేస్తాం. బజారులో దొరికే అలాంటి వైరల్లా పనికిరాదు. పైకి ఒకేలా ఉన్నా లోపల ఏ తీగ ఏ కడియానికి వెళ్ళిందనేది కంపెనీని బట్టి మారుతుంది. బొమ్మ రావలసిన చోట బర్ర్‌మని శబ్దం వస్తే వైరు తేడా అని గుర్తు. ఇంకా పాత పెట్టెలకు యాంటెన్నా పిన్ను మాత్రమే ఉంటుంది. అప్పుడు టీవీలో కేబుల్ వెతికినట్టే అనలాగ్ చానల్ సెర్చ్ చేయాలి, ఆటపెట్టె ఆన్ చేసి ఉంచి మరీ. ఆఫ్ చేసి వెతికితే ఏం దొరుకుతుంది? నాన్నగారికి మొదటిసారి "నో సిగ్నల్" ఎందుకొచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

హెచ్‌డీఎంఐ తప్ప ఏమీ లేని టీవీ అయితే మధ్యలో మార్చే డబ్బీ కావాలి. ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పుకోవాలి. కిందటి ఊళ్ళో ఉన్నప్పుడు ఒక దుకాణంలో అలాంటి డబ్బీ కొన్నాను. ఇంటికొచ్చి రెండు గంటలు కుస్తీ పట్టాను. బొమ్మ లేదు. నాలుగో రోజున కళ్ళజోడు పెట్టుకుని మూత మీద అక్షరాలు చదివితే, అది హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది. నాకు కావలసింది ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చేది. రెండూ ఒకే సైజు, ఒకే రంగు, అవే కన్నాలు. బాణం గుర్తు దిక్కు ఒక్కటే తేడా. రోజూ పిల్లలకు "ప్రశ్న పూర్తిగా చదవండి" అని చెప్పే మనిషిని నేను. దుకాణదారు మార్చి ఇవ్వలేదు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీలో సరైనది కొన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాకు గుజరాత్‌కి బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ డబ్బీ ఇప్పుడు నా పెట్టెలోనే ఉంది, తిరిగి గుజరాత్ చేరింది అనుకోవచ్చు.

చవక డబ్బీతో బొమ్మ వస్తుంది. కానీ అది కూడా కొత్త టీవీ చేసిన తప్పే చేస్తుంది. 240 గీతలను రెండు సగాలుగా పొరబడుతుంది. పైగా చాలావాటికి ఏ బొమ్మనైనా వెడల్పు తెరకు సాగదీసి పంపే అలవాటు. రెట్రోటింక్ లాంటి పరికరాలు ఈ పాత ఆటల కోసమే తయారయ్యాయి, అవి సరిగ్గా చేస్తాయి. కానీ వాటి ఖరీదు ఈ ఆటపెట్టె ఖరీదుకు ఎన్నో రెట్లు. నాన్న జ్ఞాపకం ఎంత గొప్పదైనా దాని కోసం అంత డబ్బు అడగమని నేను మీకు చెప్పను. పాత ఏవీ కన్నం ఉన్న టీవీ దొరికితే అది చాలు.

సరే, ఆ ఇంటి గొడవకు వద్దాం. ఆదివారం నేను వెళ్ళి సోర్సు మార్చాక రంగు వచ్చింది. వణుకు పూర్తిగా పోలేదు కానీ చూడదగ్గట్టు ఉంది. అబ్బాయి రెండు నిమిషాలు తేరిపార చూసి, "మ్యామ్, మారియో ఎందుకింత లావున్నాడు?" అన్నాడు. అన్న దుకాణంలో ఫోనుతో తీసిన ఫోటో వాడికి చూపించాను కదా, అందులో అలా లేడు.

వాడు చూసింది నిజమే. పాత టీవీ తెర కొలత నాలుగుకు మూడు. వెడల్పు నాలుగు వంతులైతే ఎత్తు మూడు వంతులు. కొత్త టీవీది పదహారుకు తొమ్మిది. ఆ బొమ్మను ఈ తెర నిండా లాగితే వెడల్పు మూడింట ఒక వంతు పెరుగుతుంది, ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. గుండ్రటి నాణెం కోడిగుడ్డవుతుంది. రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 అని మార్చాను. మారియో సన్నబడ్డాడు. తెరకు అటూ ఇటూ రెండు నల్ల పట్టీలు వచ్చాయి.

నాన్నగారికి నచ్చలేదు. "ఇంత పెద్ద టీవీ కొన్నది సగం నలుపు చూడటానికా? నిండుగా ఉంటేనే బాగుంటుంది మేడమ్," అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బు పెట్టి కొన్న తెర. మన ఇళ్ళల్లో పాత సినిమాలు కూడా ఇలాగే చూస్తాం. మాయాబజార్‌లో ఘటోత్కచుడు ఎలాగూ భారీ మనిషే కాబట్టి తెలియదు కానీ, తక్కిన వాళ్ళందరూ ఆ సాగదీతలో లావెక్కినవాళ్ళే. అయినా సగం నలుపు అన్నది లెక్కకు నిలవదు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న తెరలో 4:3 బొమ్మ 1440 చుక్కల వెడల్పు తీసుకుంటుంది. మిగిలేది ఒక్కో పక్క 240. మొత్తం కలిపితే పావు వంతు, సగం కాదు.

నేను అబ్బాయి పక్షాన ఎందుకున్నానంటే, ఆ బొమ్మ గీసినవాళ్ళకు ప్రతి చుక్కా లెక్కే. సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. అందులో మొదట కనిపించే చిన్న మారియో మొత్తం ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళు నాలుగు, అంతే. ఆ కొంచెం చోటులో మనిషిని చూపించాలి. మారియోని పుట్టించిన షిగెరు మియామోతో 1981 నాటి డాంకీ కాంగ్ ఆటలోనే దీనికి ఉపాయం కనిపెట్టాడు. జుట్టు గీయడానికి చోటు లేక టోపీ పెట్టాడు. నోరు గీయడానికి చోటు లేక మీసం పెట్టాడు. మనకు తెలిసిన ఆ ముఖం చోటు లేకపోవడం వల్ల పుట్టిన ముఖం. అంత పొదుపుగా, అంత ఆలోచించి పెట్టిన చుక్కలను మనం ఒక బటన్ నొక్కి అడ్డంగా లాగేస్తే, ఆట ఆడుతున్నాం కానీ వాళ్ళు చేసినదాన్ని చూడటం లేదు. గుణింతం నేర్పేటప్పుడు కొమ్ము ఎక్కడ పెట్టాలి, ఎంత పొడుగు పెట్టాలి అని గీచిగీచి చెప్పేదాన్ని కాబట్టి నాకు ఇది ఎక్కువ పట్టింపు అనిపిస్తుందేమో. ఉండనివ్వండి.

అంకెలు ఇష్టమైనవాళ్ళకు ఇంకొకటి. 1080ని 240తో భాగిస్తే నాలుగున్నర వస్తుంది. అంటే పాత గీత ఒక్కొక్కటి నాలుగున్నర కొత్త గీతలు కావాలి. సగం గీత ఉండదు కాబట్టి టీవీ కొన్నిటిని నాలుగు, కొన్నిటిని ఐదు చేస్తుంది, లేదా మధ్యలో మసక పూస్తుంది. అందుకే ఇటుకలు ఒకటి సన్నగా, ఒకటి లావుగా కనిపిస్తాయి. అదే 4కె టీవీలో 2160ని 240తో భాగిస్తే సరిగ్గా తొమ్మిది. శేషం లేదు. గణితం సార్ ఈ వ్యాసం చదివితే సంతోషిస్తారు.

ఆడేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. బటన్ నొక్కాక మారియో ఒక లిప్తపాటు ఆలస్యంగా ఎగురుతున్నాడు, గుంటలో పడిపోతున్నాడు. నాన్నగారు తన వయసు మీదికి తోసేశారు. వయసు కాదు. టీవీ బొమ్మను మెమరీలో పెట్టుకుని, నునుపు చేసి, రంగులు పెంచి అప్పుడు చూపిస్తుంది. సినిమాకైతే ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. ఇక్కడ ఒక బొమ్మ నిలిచేది సెకనులో యాభయ్యో వంతే కాబట్టి నాలుగైదు బొమ్మలు వెనకబడినా వేలికి తెలిసిపోతుంది. పిక్చర్ మోడ్‌లో "గేమ్" అని ఉంటుంది. అది పెట్టగానే ఆ సింగారాలన్నీ ఆగి బొమ్మ త్వరగా వస్తుంది. నాన్నగారు వెంటనే రెండు గుంటలు దూకేశారు. ఆయన ముఖం చూడాల్సింది.

ఒకదానికి మాత్రం మందు లేదు. మీ ఇంట్లో ఆ పెట్టెతో ఒక తుపాకీ కూడా ఉంటే, బాతుల్ని కొట్టే డక్ హంట్ ఆట కొత్త టీవీలో నడవదు. తుపాకీ టీవీలోకి ఏమీ కాల్చదు, టీవీ వెలుగునే అది చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తుపాకీ కన్నుకు వెలుగు తగిలితే బాతు పడింది. కొత్త టీవీలో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది. యంత్రం "గురి తప్పింది" అనేస్తుంది. కుక్క నవ్వుతుంది. మీ తప్పు లేకుండా కుక్క చేత నవ్వించుకోవద్దు, ఆ తుపాకీని బొమ్మగా ఉంచుకోండి.

"ఇదంతా ఎందుకు మ్యామ్, ఫోనులో ఇవే ఆటలు వస్తున్నాయి కదా" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. వస్తున్నాయి. బొమ్మ ఇంకా స్పష్టంగా కూడా ఉంటుంది. ఆట మాత్రమే కావాలనుకుంటే ఫోను చాలు. కానీ ఫోను ఒక్కరి చేతిలో ఉంటుంది. ఈ పెట్టెకు రెండు రిమోట్లు. మా మామయ్య వాళ్ళింట్లో ఖమ్మంలో నాకెప్పుడూ రెండో రిమోటే దక్కేది. మొదటిది మా బావది. రెండోదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. ఆట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో నా చేతిలో లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అన్నం తినమని అత్తయ్య పిలిస్తే బావ పాజ్ చేసి, నేను చచ్చిపోయే చోట మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఫోనులో ఆడిన ఆట ఎవరి మీదా ఇంత కోపం మిగల్చదు.

మనలాంటి ఇళ్ళకు దీనితో ఇంకో పేచీ ఉంది. అసలు మంచి ఉపాయం పాత డబ్బా టీవీయే. భంగార్ దుకాణంలో దాదాపు ఊరికే ఇస్తారు. కానీ మూడేళ్ళకోసారి ఊరు మారే ఇంట్లో, ఇద్దరు మోయాల్సిన ఆ టీవీని ఏ లారీలో ఎక్కిస్తాం? నేను ఒకటి ఉంచుకుని రెండు ఊళ్ళు తిప్పాను, మూడో ఊరికి వచ్చేసరికి వదిలేశాను. అందుకే కొత్త టీవీతో రాజీ పడే దారులు ఇంతగా చెబుతున్నాను. ఎవరి ఇంట్లోనైనా డబ్బా టీవీ ఉంటే ఒక హెచ్చరిక: దాని వెనక మూత మీరు తీయకండి. రంగుల గొట్టంలో ఇరవై వేల వోల్టులకు పైన ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కొంత నిలిచే ఉంటుంది. అది అన్నలాంటివాళ్ళ పని.

మీరు చేయగలిగిన పని సామాన్లు సర్దే రోజున ఉంటుంది. బదిలీల్లో పోయేది పెట్టె కాదు, దాని వైరు. అన్ని వైర్లూ ఒక సంచిలో వేస్తాం, కొత్త ఊళ్ళో ఏది దేనిదో తెలియక పారేస్తాం. అడాప్టర్ పోతే మరీ ప్రమాదం. ఏదో ఒకటి దూరిందని పెట్టకూడదు, వోల్టులూ ప్లస్సు మైనస్సులూ తేడా వస్తే పెట్టె నిజంగానే కాలిపోతుంది. కాబట్టి ఏ పెట్టె వైర్లు ఆ పెట్టెకే కట్టండి. మీద చీటీ అంటించండి. కేసెట్ పని చేయకపోతే నోటితో ఊదే అలవాటు మా తరానికి ఉండేది. దానివల్ల ఉమ్మి తడి తగిలి లోపలి రాగి పట్టీలు పాడవుతాయే తప్ప లాభం లేదు. బయటికి తీసి మళ్ళీ పెట్టడం వల్లే అది పనిచేసేది, మేమేమో మా ఊపిరి మహిమ అనుకునేవాళ్ళం. పట్టీలను మెత్తని రబ్బరుతో తుడవండి, చాలు.

ఆ ఆదివారం నేను బయల్దేరేసరికి నాన్నగారు నాలుగో దశలో ఉన్నారు. నల్ల పట్టీల సంగతి ఒప్పుకోలేదు, కానీ మార్చనూ లేదు. అబ్బాయి చేతిలో రెండో రిమోట్. వాళ్ళమ్మగారు వంటింట్లోంచి రెండుసార్లు భోజనానికి పిలిచారు.

సోమవారం వాడు పెట్టె మీద అంటించాల్సిన చీటీ నాకు చూపించడానికి తెచ్చాడు. తెలుగులోనే రాశాడు: "నాన్న గేమ్. 9 వోల్టులు. పసుపు పిన్ను ఆకుపచ కన్నంలో. సోర్సు ఏవీ. సైజు 4:3." ఆకుపచ్చలో ఒత్తు మరిచిపోయాడు. దిద్ది ఇచ్చాను.